బంతి యను పేరు

దూరదేశపు పూవు పేరొకటి విన్నప్పుడెల్ల నాకు మన బంతిపూవు పేరు తలపునకు వచ్చుచుండును. ఆ దూరదేశపు పూవు సైక్లమెన్. మధ్యధరా సముద్రమునకు చుట్టునున్న దేశములలో అది పుట్టినది. మండువేసవిలో దాని ఆకులు ఎండిపోవును. నేలలోపల దుంప మాత్రము నిద్రించుచుండును. ఎండలు తగ్గి వానలు పడగానే మరల చిగిర్చి, చలికాలమున పూచును. గ్రీకు భాషలో 'కుక్లోస్' అనగా వలయము, చక్రము. మన సైకిలు పేరును ఆ మాటనుండి వచ్చినదే. సైక్లమెన్ దుంప గుండ్రముగా నుండుటచేత ఆ పేరు కలిగినదని కొందరందురు. పూవు వాడిన పిమ్మట కాడ చుట్టలు చుట్టుకొని కాయను నేలకు దించుటచేత కలిగినదని మరికొందరందురు. ఏది నిజమైనను, మొక్కను కన్నులార చూచినవారే ఆ పేరు పెట్టిరనుట స్పష్టము.

విద్యార్థులారా! మన బంతి పేరును అట్టిదే. గొల్లపల్లి ప్రాంతమున బతుకమ్మకు గునుగు, తంగేడు చేలగట్లనుండియు, బీళ్లనుండియు కోసి తెత్తురు. బంతిని మాత్రము పెరటిలో నాటి పెంచుదురు. బతుకమ్మ నీటిలో కలిసిన తరువాతను, చలి ముదిరి సంక్రాంతి గొబ్బెమ్మలు వచ్చువరకు బంతి పూచుచునే యుండును. ఇంతగా మనదైన ఈ పూవు జన్మస్థానము మెక్సికో! అచ్చటి పూర్వజనులు దాని రేకుల సమృద్ధిని చూచి, 'ఇరువది పూలు' అను అర్థము వచ్చునట్లు పిలిచిరి. ఇంగ్లీషువారు పెద్ద బంతిని ఆఫ్రికా మారిగోల్డు అనియు, చిన్న బంతిని ఫ్రెంచి మారిగోల్డు అనియు పిలిచిరి. అది ఆఫ్రికాలోను పుట్టలేదు, ఫ్రాన్సులోను పుట్టలేదు. తెలుగువారు దాని ఊరు పేరు అడుగలేదు. గుండ్రని పూవును చూచి, పిల్లలాడుకొను బంతి యనిరి. ఆ పేరు నేటికిని తప్పు కాలేదు.

అయినను, నేడు విత్తనపు పొట్లములపై మారిగోల్డు అని చదివి, అదియే శాస్త్రీయమనియు, బంతి మోటుమాట యనియు తలచు పిల్లలను చూచుచున్నాను. ఇది నాకు సమ్మతము కాదు. శాస్త్రనామము టాజెటీస్ ఎరెక్టా. 1753లో లిన్నేయసు తన గ్రంథమున దానిని ప్రకటించెను. అన్ని దేశములవారు ఒకే మొక్కను గుర్తించుటకు అట్టి పేరు కావలెను. దానిని శ్రద్ధగా నేర్వుడు. మారిగోల్డు మాత్రము మేరీ మాత పేరు చేర్చి ఇంగ్లండు జనులు పెట్టుకొన్న వాడుకమాట. అదియును తొలుత వేరొక పూవుది. వారి వాడుకమాట గొప్పదై, మన వాడుకమాట మోటు అగుట యెట్లు?

మరి సైక్లమెన్‌కు తెలుగు పేరేమి యని మీరడుగవచ్చును. 'చక్రకందము' అని ఒక సంస్కృత సమాసము కూర్చుట నావంటి తెలుగు పండితునకు క్షణకాలపు పని. కాని కూర్చను. మన ఎండలకు ఆ మొక్క నిలుచుట కష్టము. ఎన్నడైన ఏ ఇంటి చల్లని నీడలోనో కుండీలో బ్రతికి పూచి, ఆ ఇంటి అవ్వ దానిని చూచి ఏమని పిలుచునో, ఆ మాటనే నేను వ్రాసికొందును.