శ్వాననిద్ర అంటే తక్కువ నిద్ర కాదు

 

విద్యార్థికి ఉండవలసిన ఐదు లక్షణాల్లో శ్వాననిద్ర ఒకటని పెద్దలు చెప్తారు. తెల్లారుజామున స్టడీ అవర్లో ఎవరన్నా కునికితే మనకు వినపడేది ఆ మాటే. అదే కుక్క మధ్యాహ్నం వంటశాల వెనక నీడలో పండుకుంటే "సోమరి కుక్క" అని మనోళ్లు రాయి విసురుతారు. రాత్రి ఆదర్శమైన కుక్క పగలు సోమరి ఎట్లయితాది? ఈ రెండు మాటలూ కుక్కను సరిగా చూడక అన్నవే అని నా అభిప్రాయం.

సెలవుల్లో మా ఇంటికాడ కుక్కను బాగా గమనించినాను. రాత్రి అది గడప ముందర పండుకుంటాది గానీ దాని చెవులు పండుకోవు. ఆకు కదిలినా తల ఎత్తుతాది. మాది నల్లమల అంచున ఉండే గూడెం. చిరుతపులి కుక్కలను ఎత్తుకపోతాది. కాబట్టి ఆ మెలకువ మన కోసమే కాదు, దాని ప్రాణం కోసం కూడా.

తెల్లారినాక చూడండి. చలికాలమైతే పొయ్యి పక్క బూడిదలో ముడుచుకొని, ముక్కు తోక కింద పెట్టుకుంటాది. ఎండాకాలమైతే నీళ్ల కడవ కాడ తడిమన్ను గీరి పొట్ట ఆనించి పండుకుంటాది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రమే పడుతుంది. అందుకే నాలుక చాపి వగరుస్తుంది, చల్లని నేల వెతుక్కుంటుంది.

1993లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు రాత్రిపూట కుక్కలను గమనించి రాశారు. అవి సుమారు 16 నిమిషాలు నిద్రపోయి, 5 నిమిషాలు మేలుకొని, మళ్లీ నిద్రపోతాయట. ఇట్లా తునకలు తునకలుగా పోయినా, పగటి కునుకులతో కలిపితే పెద్ద కుక్క రోజులో దాదాపు సగం నిద్రపోతుంది. పిల్లలు ఇంకా ఎక్కువ. అంటే శ్వాననిద్ర తేలికైన నిద్రే గాని తక్కువ నిద్ర కాదు!

ఇప్పుడు మన సంగతి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని 2016లో అమెరికా నిద్రవైద్య నిపుణులు చెప్పారు. చిన్న తరగతుల తమ్ముళ్లకు ఇంకా ఎక్కువ కావాలి. మనకు 10 గంటలకు లైట్లు ఆపి, నాలుగున్నరకు గంట కొడతారు. ఆరున్నర గంటలే! కుక్క పగలు తీర్చుకుంటాది, మనకు పగలు క్లాసులు.

సిలబస్ పూర్తి కావద్దా అని సార్లు అడగవచ్చు. కునుకుతూ ఒకే పేజీ మూడుసార్లు చదివినా తలకెక్కదు సార్. 9 గంటలకు లైట్లు ఆపి, 5 గంటలకు గంట కొడితే 8 గంటలైతాయి. ఒక్క నెల అట్లా చేసి, యూనిట్ టెస్టు మార్కులు చూడమని వార్డెన్ గారిని వినయంగా కోరుతున్నాను.

మిత్రులకు ఒక మాట. నిద్రలో కుక్క కాళ్లు కొట్టుకుంటే, మూలిగితే కల కంటుందేమో అనుకోండి, తట్టి లేపొద్దు. ఉలిక్కిపడి కరుస్తాది. దూరం నుంచి పిలవండి. ఒకవేళ కరిస్తే 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి సూదులు వేయించుకోవాలి.

రాత్రంతా మన హాస్టల్ కాసింది అదే. పగలు దాన్ని పండుకోనివ్వండి.

— 9వ తరగతి విద్యార్థి