టైరు లైట్ వెలగగానే రీసెట్ కొట్టడం ఆపుదాం

ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీ ఎంత, ఛార్జింగ్ ఎంత స్పీడ్ అని గంటలు గంటలు చర్చించే మనం, కారు దగ్గరికొచ్చేసరికి స్క్రీన్ సైజు, సన్‌రూఫ్ దగ్గరే ఆగిపోతాం. టైర్లలో గాలి ఎంతుందో కనిపెట్టే టీపీఎంఎస్ ఏ రకం అని అడిగేవాళ్లు చాలా తక్కువ. తీరా ఆ పసుపు లైట్ వెలిగాక, "సెన్సార్ పోయుంటుంది, రీసెట్ కొట్టెయ్" అనేదే మొదటి సలహా. నా దృష్టిలో ఇంత ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు.

ఎందుకో చూద్దాం. డైరెక్ట్ టీపీఎంఎస్‌లో ప్రతి చక్రం లోపల, ఎక్కువగా వాల్వ్‌కి ఆనుకుని, చిన్న సెన్సార్ ఉంటుంది. అది గాలి కొలిచి రేడియో సిగ్నల్‌తో కారుకి పంపిస్తుంది. ఇన్‌డైరెక్ట్ రకంలో టైరు లోపల ఏమీ ఉండదు. గాలి తగ్గిన టైరు మిగతావాటికంటే కాస్త వేగంగా తిరుగుతుంది కాబట్టి, ఏబీఎస్ సెన్సార్ల లెక్క చూసి కారే పసిగడుతుంది. ఈ రకంలో రీసెట్ నొక్కడమంటే "ఇప్పుడున్న గాలే కరెక్ట్, గుర్తుపెట్టుకో" అని చెప్పడం. 25 పీఎస్ఐ దగ్గర నొక్కితే ఆ 25నే కరెక్ట్ అనుకుంటుంది. ఆఫీసులో అలర్ట్ మ్యూట్ చేస్తే సర్వర్ బాగుపడుతుందా? ఇదీ అంతే.

పలాస నుంచి టెక్కలి మీదుగా శ్రీకాకుళం వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఈ తేడా చిన్నది కాదు. మే నెల ఎండ, కారు నిండా జనం, వెనక లగేజీ. గాలి తక్కువున్న టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ వంగి లేస్తూ వేడెక్కుతుంది. అలాగే వేగంగా పోతే పేలిపోవచ్చు. ఆస్పత్రి పని మీద ఉద్దానం నుంచి విశాఖ బయల్దేరిన కారుకి అలా జరిగితే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

"సెన్సార్లు కూడా తప్పు చెప్తాయి కదా" అంటారా? నిజమే. చాలా కార్లలో ఆ సంగతి లైటే చెప్తుంది. స్టార్ట్ చేయగానే నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే లోపం సిస్టమ్‌లో ఉంది. సెన్సార్ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, లేదా సెన్సార్ లేని స్టెప్నీ వేసి ఉండొచ్చు. మిణుకుమనకుండా నేరుగా వెలిగితే గాలి తగ్గినట్టే. చలికాలం తెల్లవారుజామున వెలిగి మధ్యాహ్నానికి ఆరిపోయినా సెన్సార్ని తిట్టకండి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడితే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. అంటే గాలి అప్పటికే అంచు దగ్గర ఉందన్నమాట.

కాబట్టి వరస ఇది. ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజ్‌తో నాలుగూ కొలవండి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె ప్రకారం గాలి కొట్టించండి. టైరు మీద రాసుండేది గరిష్ఠ పరిమితి, దాన్ని పట్టించుకోకండి. కొన్ని కిలోమీటర్లు నడపండి, డైరెక్ట్ రకమైతే చాలాసార్లు లైట్ దానంతటదే ఆరుతుంది. ఇన్‌డైరెక్ట్ అయితే ఇప్పుడు, గాలి సరిచేశాకే, రీసెట్ నొక్కండి. మళ్లీ అదే టైరు తగ్గితే వాల్వ్ మీద సబ్బునీళ్లు పోసి బుడగలొస్తున్నాయేమో చూడండి.

మన తీరంలో ఇంకో తలనొప్పి ఉప్పుగాలి. వజ్రపుకొత్తూరు, బారువ వైపు తిరిగే కార్లలో అల్యూమినియం వాల్వ్ ఉంటే, లోపల మామూలు ఇత్తడి పిన్ను వేయించకండి. ఆ రెండు లోహాలూ తుప్పుతో అతుక్కుపోతాయి. నికెల్ పూత ఉన్నదే అడగండి. పంక్చర్ షాపులో టైరు విప్పేముందే "వాల్వ్ దగ్గర సెన్సార్ ఉందన్నా" అని చెప్పండి. రాడ్ అక్కడ దింపితే సెన్సార్ విరుగుతుంది.

ఇక కంపెనీలకి ఒక మాట. అమెరికాలో 2008 మోడల్ కార్ల నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లకి టీపీఎంఎస్ తప్పనిసరి. మన దేశంలో 2020లో మార్చిన రూల్ ప్రకారం టీపీఎంఎస్, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ లేకుండానే కారు అమ్మొచ్చు. స్టెప్నీ తీసేసుకునే వెసులుబాటు వాడుకున్నప్పుడు, ఏ టైరులో ఎంత గాలుందో అంకెల్లో చూపించడం కనీస మర్యాద. ఉత్త పసుపు లైట్ చాలదు. అమెరికా రూల్ ప్రకారమే సిఫార్సు చేసిన గాలిలో 25 శాతం తగ్గేదాకా లైట్ వెలగకపోయినా చెల్లుతుంది. అంటే 33 ఉండాల్సిన చోట దాదాపు 25కి పడ్డాక. లైట్ వెలగలేదంటే అంతా బాగుందని కాదు.

అందుకే షోరూంలో అడగాల్సిన మొదటి ప్రశ్న: "టీపీఎంఎస్ డైరెక్టా, ఇన్‌డైరెక్టా? అంకెలు చూపిస్తుందా?" పాత కారైతే వాల్వ్‌కి క్యాప్‌లా బిగించే బ్లూటూత్ సెన్సార్లు దొరుకుతున్నాయి. అదీ వద్దనుకుంటే మంచి గేజ్ ఒకటి డాష్‌బోర్డు అరలో పడేసి నెలకోసారి వాడండి. దానికి రీసెట్ బటన్ ఉండదు.