యూరియా తగ్గించమని చెప్పే డీలర్‌కు దక్కేదేమిటి?

2025 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో తెలంగాణ పల్లెల్లో ఎక్కడ విన్నా యూరియా మాటే. తెల్లారకముందే రైతులు సొసైటీ గోదాముల ముందు క్యూ కట్టారు. నిలబడే ఓపిక లేనివాళ్లు చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో పెట్టి పక్కన కూర్చున్నారు. కొరతకు కారణం మీరంటే మీరని కేంద్రం, రాష్ట్రం ఒకరినొకరు తప్పుపట్టుకున్నాయి. ఆ గొడవలో ఒక ప్రశ్న పక్కకు పోయింది. అసలు ఎకరానికి ఎన్ని బస్తాలు వేయాలో రైతుకు చెప్తున్నది ఎవరు?

చాలా ఊళ్లలో జవాబు ఒక్కటే. ఫర్టిలైజర్ షాపు సేటు. తెలంగాణలో ఒక వ్యవసాయ విస్తరణ అధికారికి సుమారు 5 వేల ఎకరాలు అప్పగించారు. ఆయన అన్ని పొలాలూ తిరగడం అయ్యే పని కాదు. షాపు మాత్రం రోజూ తెరిచే ఉంటుంది. పైగా చాలామంది చిన్న రైతులకు, కౌలుదారులకు మందులు ఉద్దెరకు ఇచ్చేది కూడా ఆ షాపే. పంట అమ్మాక బాకీ తీర్చాలి. అప్పు ఇచ్చినాయన "ఇంకో రెండు బస్తాలు వేయి" అంటే కాదనే ధైర్యం ఎందరికి ఉంటుంది?

బస్తాకు 16 రూపాయలు

డీలర్‌ను విలన్‌గా చూపడం తేలిక. కానీ ఆయన లెక్క కూడా చూడాలి. 2018 ఏప్రిల్ నుంచి యూరియా మీద డీలర్ మార్జిన్ టన్నుకు 354 రూపాయలు. 45 కిలోల బస్తాకు లెక్కేస్తే దాదాపు 16 రూపాయలు. షాపు కిరాయి, హమాలీ, కరెంటు బిల్లు, ఉద్దెరలో మునిగిపోయే బాకీలు అందులోంచే పోవాలి. అంటే ఆయన బతుకు బస్తాల సంఖ్య మీదే ఆధారపడి ఉంది. ఒక రైతుకు "భూసార పరీక్ష చేయించు, నాలుగు బస్తాల చోట మూడు చాలు" అని నిజాయితీగా చెప్తే ఆయన జేబులోంచి 16 రూపాయలు పోతాయి. మెచ్చుకునేవాళ్లు ఉండరు, ఇచ్చేవాళ్లు అసలే ఉండరు.

మరోవైపు ఎక్కువ అమ్మినవాళ్లకు మార్కెట్లో బహుమతులున్నాయి. టార్గెట్ కొడితే డిస్కౌంట్లు, టూర్లు ఈ వ్యాపారంలో కొత్త కాదు. యూరియా కావాలంటే ఇంకేదో డబ్బా కూడా కొనాలని అంటగట్టే పద్ధతి మీద రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఎక్కువ అమ్మితే లాభం, తక్కువ వాడమంటే నష్టం. ఇలా ఉన్నప్పుడు సలహా ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

చదువు ఉంది, ప్రతిఫలం లేదు

డీలర్లకు శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన పుట్టింది మన హైదరాబాద్‌లోనే. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఇన్‌పుట్ డీలర్ల కోసం ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. అదే 'దేశీ' కోర్సు. షాపుకు సెలవున్న రోజున క్లాసులు, మధ్యమధ్యలో పొలాల సందర్శన. తర్వాత కేంద్రం దాన్ని దేశమంతటా అమలు చేసింది. ఇది మంచి పనే. నేల గురించి, పోషకాల గురించి తెలిసిన డీలర్ తెలియని డీలర్ కంటే మేలు. కానీ సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నాక ఆయన సంపాదన మారదు. మళ్లీ ఎన్ని బస్తాలు అమ్మితే అంతే.

2023 జూన్‌లో కేంద్రం పీఎం ప్రణామ్ పథకాన్ని ఆమోదించింది. గత మూడేళ్ల సగటుతో పోలిస్తే రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి, మిగిలిన సబ్సిడీలో సగం గ్రాంటుగా ఇస్తామని చెప్పింది. రైతులకు, పంచాయతీలకు, ఉత్పత్తిదారుల సంఘాలకు, స్వయం సహాయక సంఘాలకు ప్రోత్సాహకాలు ఉంటాయని అప్పట్లో ప్రకటించారు. ఈ వరసలో డీలర్ మాట వినపడలేదు. రైతు ముందు కౌంటర్ వెనక నిలబడేది ఆయనే అయినా సరే.

ఈరీ సరస్సు చెప్పే పాఠం

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున టొలీడో అనే నగరం ఉంది. 2014 ఆగస్టులో ఆ సరస్సులో విషపు నాచు పెరిగి, 4 లక్షల మందికి పైగా జనం మూడు రోజుల పాటు నల్లా నీళ్లు తాగలేకపోయారు. పొలాల నుంచి కొట్టుకొచ్చిన భాస్వరం ఆ నాచుకు ప్రధాన కారణం. అదే ఏడాది అక్కడ ఎరువులు అమ్మే, చల్లే వ్యాపారులకు ఒక స్వచ్ఛంద సర్టిఫికేషన్ మొదలైంది. సరైన ఎరువు, సరైన మోతాదు, సరైన సమయం, సరైన చోటు అనే నాలుగు సూత్రాలు పాటిస్తున్నారా లేదా అని బయటి ఆడిటర్ రికార్డులు చూస్తాడు.

దాంతో సరస్సు బాగుపడిపోలేదు. ఆ తర్వాత కూడా నాచు వస్తూనే ఉంది. అయితే గమనించాల్సిన విషయం ఒకటుంది. అక్కడి వ్యాపారి భూసార నమూనా తీసినందుకు, ఎరువు చల్లిపెట్టినందుకు ఫీజు తీసుకుంటాడు. సరుకు కొంత తగ్గినా సేవ మీద సంపాదన ఉంటుంది. మన డీలర్‌కు లేనిది అదే.

ఇక్కడ ఏం చేయొచ్చు

మన దగ్గర సగం ఏర్పాటు ఇప్పటికే ఉంది. 2018 నుంచి సబ్సిడీ ఎరువుల అమ్మకం పాస్ యంత్రంలో ఆధార్‌తో నమోదవుతోంది. భూసార కార్డుల పథకం 2015 నుంచి ఉంది. ఈ రెంటినీ కలిపి, కార్డు ప్రకారం సలహా చీటీ రాసిచ్చిన డీలర్‌కు ఒక్కో చీటీకి కొంత మొత్తం ఇవ్వొచ్చు. వరికి నత్రజని ఒకేసారి పోయకుండా మూడు దఫాలుగా వేయించడం, ఆకు రంగు పట్టిక చూసి మోతాదు నిర్ణయించడం వంటివి పెద్ద ఖర్చు లేని పనులే. ఆదా అయ్యే సబ్సిడీ ముందు ఈ డబ్బు చిన్నది. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరింది.

జాగ్రత్తలూ అవసరమే. అమ్మకం తగ్గితేనే బహుమతి అంటే, స్టాక్ దాచి "లేదు" అనేవాళ్లు పుట్టుకొస్తారు. నష్టపోయేది మళ్లీ పేద రైతే. కాబట్టి డబ్బు తగ్గిన బస్తాలకు కాదు, ఇచ్చిన సలహాకు ఇవ్వాలి. అది నిజంగా అందిందా అని రైతునే అడగాలి. భూమి కాగితాలు లేని కౌలుదారుకు కూడా భూసార పరీక్ష, చీటీ దక్కాలి. అంటగట్టే అమ్మకాలు చేసినవాళ్ల లైసెన్స్ మీద చర్య ఉండాలి.

ఇది రైతు ఒక్కడి గోడు కాదు. నత్రజని, భాస్వరం, పొటాష్ 4:2:1 పాళ్లలో ఉండాలని అంటారు. 2022-23, 2023-24 సంవత్సరాల్లో దేశంలో నత్రజని 10 పాళ్లు దాటింది. వరిలో వేసిన నత్రజనిలో సగం కూడా పైరుకు అందదు. మిగిలింది గాలిలోకి, నీళ్లలోకి పోతుంది. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి తీసిన నమూనాల్లో దాదాపు నాలుగో వంతులో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటింది. మురుగునీరు, పశువుల పేడ కూడా కారణమే, కానీ ఎరువుల వాటా చిన్నది కాదు. పాలపొడి ఆ నీళ్లతో కలిపి పట్టే పసిపిల్లలకు ఇది మరీ ప్రమాదం.

వచ్చే సీజన్‌లోనూ రైతు ఆ షాపు మెట్లే ఎక్కుతాడు. "సేటూ, ఎన్ని వేయమంటావ్?" అని అడుగుతాడు. "మూడు చాలు" అని చెప్పినందుకు సేటుకు నష్టం రాని రోజున, గోదాము ముందు ఆ క్యూ కూడా కొంచెం చిన్నదవుతుంది.