ఆ పాత కట్టె పొయ్యిలోకి పోనివ్వకండి



పాత కూలింగ్ టవర్ విప్పినా, పాత స్తంభాలు పీకినా ఆ కట్టె వేలానికి వస్తుంది. హగరి ప్రాంతంలో చెట్లు తక్కువ. చవగ్గా దొరికే కట్టెను ఎవరు కాదంటారు? అందులో మందు పట్టించిన కట్టె ఉంటే ఆ సంగతి చెప్పేవారుండరు.

ఆ మందు పేరు ఆస్కూ. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో శొంఠి కామేశం గారు కనిపెట్టారు. రాగి, క్రోమియం, పాషాణం కలిపిన మందును ఒత్తిడితో ఎక్కిస్తే కట్టెకు చెద పట్టదు, తడిలోనూ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ప్రపంచమంతా వాడుకుంది. ఆయన పనిని మేము తక్కువ చేయడం లేదు, దానివల్ల ఎన్నో చెట్లు గొడ్డలి తప్పించుకున్నాయి. చిక్కంతా కట్టె పాతబడ్డాకే. మంటలో లోహం కాలిపోదు. పాషాణం కొంత పొగలో పోతుంది, మిగిలింది బూడిదలో ఉంటుంది. ఆ బూడిదతోనే గిన్నెలు తోముతాం. ఏటి ఇసుకలో పారబోస్తే వానకు చెలమల్లోకి దిగుతుంది. కొత్తలో పచ్చగా కనిపించే ఈ కట్టె, ఎండకు నెరిసిందంటే మామూలు కట్టెలాగే ఉంటుంది.

శుద్ధి చేసే దారి లేకపోలేదు. కట్టెను ముక్కలు కొట్టి యాసిడ్‌లో నానబెడితే లోహాలు బయటికి వస్తాయి. అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో ముందు ఆక్జాలిక్ యాసిడ్‌తో, తర్వాత బాక్టీరియాతో తీశారు. డెన్మార్క్‌లో కరెంటు సాయంతో లాగారు. మిగిలిన ముక్కలతో బోర్డులు చేయవచ్చు. డైయింగులో పనిచేసేవారు వెంటనే అడుగుతారు: మరి ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? సరైన ప్రశ్న. నీళ్లలోంచి కూడా లోహాన్ని పట్టేదాకా విషం చోటు మారిందే గాని పోలేదు. ఖర్చంతా అక్కడే. అందుకే అమెరికాలో 2003 చివరికి ఇళ్ల కట్టెకు ఈ మందు ఆపినా, తీసేసిన పాత కట్టెను ఎక్కువగా గుంతల్లోనే పూడ్చుతూ వచ్చారు.

కట్టె వల్ల లాభపడింది యాజమాన్యం. దాని పారవేత ఖర్చు కూలివాడి ఊపిరితిత్తుల మీద వేస్తే ఒప్పుకోం. ఏ కట్టెకు మందు పట్టించారో కొనుగోలు కాగితాలు తీసి చెప్పాలి. కాగితం లేకపోతే మందు కట్టెగానే లెక్కించి విడిగా, వాన తగలని షెడ్డులో పెట్టాలి. వంటచెరకుగా అమ్మకూడదు, క్యాంటీన్ పొయ్యికి పంపకూడదు. కోసేవారికి మాస్కులు, చేతి తొడుగులు ఇవ్వాలి, వారు కాంట్రాక్టు కూలీలైనా సరే.

చవక కట్టె పోగొట్టారని కొందరు మనవాళ్లే మాపై కోప్పడవచ్చు. ఆ కోపంలో న్యాయముంది. కాబట్టి దానికి బదులు మంచి వంటచెరకు అదే ధరకు ఇమ్మని కూడా ఈ డిమాండ్లలోనే చేరుస్తున్నాం.