పసిబిడ్డ ఒంటిపై ఎర్ర మచ్చ



బిడ్డ పుట్టిన రెండు మూడు వారాలకు ముఖం మీదనో వీపు మీదనో ఎర్రని చుక్క కనబడి, నెల తిరిగేసరికి రేగుపండంత ఉబ్బుతుంది. గ్రహణ దోషమనీ, తల్లి చేసిన పాపమనీ ఇరుగుపొరుగు అంటారు. పుట్టుగ్రుడ్డివాని గురించి శిష్యులు ఇటువంటి ప్రశ్నే అడిగినప్పుడు ప్రభువు ఆ నిందను వానిమీద గాని, వాని తలిదండ్రులమీద గాని మోపలేదు (యోహాను 9వ అధ్యాయము). ఇది సన్నని రక్తనాళాలు అతిగా పెరిగి ఏర్పడే గడ్డ. వైద్యులు దీనిని హిమాంజియోమా అంటారు.

చాలామంది బిడ్డలకు మందు అక్కరలేదు. మొదటి ఐదు నెలల్లో త్వరగా పెరిగి, ఏడాది దాటాక మెల్లగా తగ్గుతుంది. కాని కంటి దగ్గర ఉంటే చూపుకు, గడ్డం, మెడ భాగాల్లో ఉంటే ఊపిరికి ప్రమాదం రావచ్చు. కొన్ని పుండు పడతాయి. ఐదు లేక అంతకు మించి మచ్చలుంటే కాలేయానికి స్కానింగ్ చేయించాలి.

పూర్వం ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చేవారు. నెలల తరబడి వాడితే బిడ్డ ముఖం ఉబ్బేది, రక్తపోటు పెరిగేది, ఎదుగుదల మందగించేది. ఫ్రాన్సులోని బోర్డో నగర వైద్యులు గుండె జబ్బుకు ప్రొప్రనలాల్ ఇచ్చిన బిడ్డలో మచ్చ కూడా తగ్గడం గమనించి, 2008లో ఆ సంగతి ప్రకటించారు. 460 మంది శిశువులపై జరిపిన పరీక్ష ఫలితం 2015లో వెలువడింది. తగిన మోతాదులో ఆరు నెలలు ఈ మందు తాగినవారిలో నూటికి 60 మందికి మచ్చ పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయింది. మందు లేని ద్రవం తాగినవారిలో నూటికి నలుగురికే అలా పోయింది. అందుకే నేడు మొదట ఇచ్చేది ప్రొప్రనలాలే. చిన్న, పలుచని మచ్చలకు టిమొలాల్ చుక్కలు పైపూతగా వాడతారు.

ప్రొప్రనలాల్ రక్తంలో చక్కెరను తగ్గించగలదు. కనుక పాలు పట్టినప్పుడే ఇవ్వాలి. బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులైనా, పిల్లికూతలు వచ్చినా ఆ పూట మందు ఆపి వైద్యుని అడగాలి. మోతాదు బిడ్డ బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. పొరుగు బిడ్డకు రాసిన చీటీతో మందు కొనకండి.

పుట్టుకతోనే చదునుగా, ముదురు ఎరుపుగా ఉండి తగ్గని మచ్చ వేరు. దానికి ఈ మందులు పనిచేయవు. లేజరు చికిత్స ఉంది.

వాతలు, పసర్లు వద్దు. మచ్చ త్వరగా పెరుగుతుంటే, బిడ్డకు నెల నిండేలోపే పిల్లల వైద్యునికి చూపించండి. మందు మొదటి నెలల్లో మొదలుపెడితేనే మేలు ఎక్కువ. సంఘ పెద్దలారా, ఆ తల్లిని నిందలకు విడువక, ప్రార్థించి, ఆసుపత్రికి తోడు వెళ్లండి.