లండను ‘సిటిజన్’: తెనిగింపున నొక చిక్కు

1598లో జాన్ స్టో లండను నగరమును పేటపేటగా వర్ణించుచు నొక గ్రంథమును రచించెను. 1662లో జాన్ గ్రాంట్ ఆ నగరపు మరణపట్టికలను లెక్కించి మఱియొక గ్రంథమును ప్రకటించెను. అరువదినాలుగేండ్ల యెడముగల ఈ రెండు గ్రంథముల ముఖపత్రములపైనను కర్త పేరి ప్రక్కన ఒకే మాట కానవచ్చును: లండను ‘సిటిజన్’ అని. ఇరువురును విశ్వవిద్యాలయములలో చదివినవారు కారు. స్టో వృత్తిచేత దర్జీ. గ్రాంట్ చిల్లర సరకుల వర్తకుడు. పండితులు పట్టములు పేర్కొను చోట వీరు ఈ మాటను పేర్కొనిరి. దీనిని ‘లండను పౌరుడు’ అని తెనిగించినచో తెలుగు పాఠకునకు తోచు నర్థమేమి? లండనులో కాపురముండువాడనియే గదా. అంతమాత్రమును ముఖపత్రముపై అచ్చువేయించుకొన నవసరమేమి?

ఆంగ్ల నాటకములును, ఇంగ్లండు సాంఘిక చరిత్రయు మన భాషలలోనికి వచ్చునప్పుడు ఈ మాట తెలుగున ‘పౌరుడు’ అనియు, హిందీ బంగాళీలలో ‘నాగరిక్’ అనియు, తమిళమున ‘కుడిమగన్’ అనియు పరివర్తింపబడుట పరిపాటి. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినది మొదలు ఈ మాటలకొక స్థిరమైన అర్థ మేర్పడినది: దేశమునకు చెందినవాడు, చట్టము నెదుట తోడివారితో సమానుడు. పదునారు, పదునేడవ శతాబ్దుల లండను ‘సిటిజన్’ దీనికి సరిగా ఎదురు. అది సమత్వమును తెలుపు మాట కాదు. భేదమును తెలుపు మాట. ఆ భేదమును తుడిచివేయు అనువాదము ఆనాటి నగరజీవనమునే తుడిచివేయుచున్నది.

ఆ కాలమున నగరమున పుట్టినంతమాత్రమున ఎవడును ‘సిటిజన్’ కాజాలడు. ఆ హోదా మూడు మార్గముల లభించెడిది: వృత్తిసంఘములోని యొక యజమానునివద్ద అప్రెంటిసుగా గడువు పూర్తిచేయుట, తండ్రి హక్కున పొందుట, ధనమిచ్చి కొనుట. వీనిలో మొదటిదే రాజమార్గము. గడువు ఏడేండ్లకు తక్కువ కారాదు. ఈ నియమమునే 1563 నాటి శాసనము దేశమంతటికిని వర్తింపజేసెను. పల్లెనుండి వచ్చిన కుర్రవాడు యజమానుని యింట తిని, అచ్చటనే పండుకొని, పెండ్లి యాడక, ఇరువదినాలుగేండ్ల ప్రాయము వచ్చుదాక ఊడిగము చేయవలెను. పిమ్మట సంఘమునందును, నగరసభాభవనమైన గిల్డుహాలునందును ప్రమాణము చేసినవాడే ‘సిటిజన్’. అట్టివానికే చిల్లర అంగడి తెఱచుటకును, అప్రెంటిసులను చేర్చుకొనుటకును, తన వార్డు సభలో కూర్చుండుటకును హక్కు. నగరము ఇరువదియాఱు వార్డులుగా విభక్తమై యుండెను. పన్నులతోపాటు ఆ వార్డుల కావలి, పారిశుద్ధ్యము మున్నగు భారములును వీరిపైననే పడెడివి.

ఈ హక్కు మరణానంతరమును మనుష్యుని విడిచెడిది కాదు. ‘సిటిజన్’ చనిపోయినచో అతని చరాస్తి నగరాచారము ననుసరించి మూడు పాళ్లు కావలెను: ఒకటి భార్యకు, ఒకటి బిడ్డలకు, మిగిలిన పాలుమాత్రమే అతడు వీలునామాలో తన యిష్టానుసారము వ్రాయదగినది. 1725 నాటి చట్టమువలన ఈ కట్టడి సడలెను. అంతవఱకు ఒక వితంతువు పొట్టపోసికొను విధము భర్త ‘సిటిజన్’ అగుట, కాకుండుటలపై నాధారపడి యుండెను. అట్టి వితంతువు భర్త అంగడిని నడుపవచ్చును, అప్రెంటిసులను ఉంచుకొనవచ్చును. అతని ప్రక్క వీథిలో కాపురమున్న కూలివాని భార్యకు ఆ రక్షణ లేదు. ‘పౌరుడు’ అను నొక్కమాట ఈ యిద్దఱు భర్తలను ఒకే గాట కట్టుచున్నది.

చిక్కు ఒక్కమాటతో తీరునది కాదు. దాని చుట్టాలన్నియు అట్టివే. ఈ హోదాకు ఆంగ్లమున ‘ఫ్రీడమ్’ అని పేరు. దానిని ‘స్వాతంత్ర్యము’ అన్నచో అర్థము చెడును. అది సంకెళ్లనుండి విడుదల కాదు. ఇతరులకు లేని యొక యధికారము. ‘ఫారినర్’ అను మాట మఱింత మోసకారి. నగర దస్తావేజులలో ఆ పేరు ఈ హక్కులేని ఆంగ్లేయునిది. కెంటు మండలమునుండి వచ్చిన వడ్రంగియు ‘ఫారినరే’. లండను గోడల నడుమనే పుట్టి ప్రమాణము చేయనివాడును ‘ఫారినరే’. సముద్రము దాటి వచ్చిన ఫ్రెంచి, డచ్చి వారిని ‘ఏలియన్’, ‘స్ట్రేంజర్’ అను వేఱు పేర్లతో వ్యవహరించిరి. 1666 నాటి అగ్నిప్రమాదములో పదుమూడువేలకు పైగా ఇండ్లు దగ్ధము కాగా, మఱుసటి యేటి పునర్నిర్మాణ శాసనము ‘ఫారినర్లు’ అగు తాపీ, వడ్రంగి పనివారికి ఏడేండ్లపాటు ‘సిటిజన్ల’తో సమముగ పనిచేయు హక్కు నొసగెను. ఇచ్చట ‘విదేశీయులు’ అని తెనిగించినచో, ఆంగ్లేయులు కట్టిన నగరమును పరదేశులకు కట్టబెట్టినట్లగును.

సంఘముల పేళ్లును ఇట్లే. మెర్సరులు మొదలుకొని క్లాత్‌వర్కరుల వఱకు పండ్రెండు మహాసంఘములకు 1515లో అంతస్తుల వరుస నిర్ణయమైనది. కొందఱు రచయితలు వీనిని ‘కులములు’ అనుటయు కలదు. నగరాచారము ప్రకారము ఒక సంఘమున హక్కు పొందినవాడు వేఱొక వ్యాపారమైనను చేయవచ్చును. పైని చెప్పిన గ్రాంటే ఇందులకు సాక్షి: అతడు బట్టలవర్తకుల సంఘమున సభ్యుడు, అమ్మినది చిల్లర సరకులు. కనుక దస్తావేజులో ‘డ్రేపర్’ అని యున్నంతమాత్రమున బట్టలవర్తకుడని నిశ్చయింపరాదు. కొడుకునకు తండ్రి హక్కు సంక్రమించినను, సంఘములను నింపినది పల్లెకుర్రలు. ‘కులము’ అను మాట ఇచ్చట పొసగదు.

పల్లెకుర్రలు లేనిచో ఆ నగరమే లేదు. పదునారవ శతాబ్ది తొలినాళ్లలో ఏబది యరువదివేల జనముగల లండను 1600 నాటికి రెండు లక్షలకును, 1700 నాటికి ఐదు లక్షల ప్రాంతమునకును పెరిగెను. నగరమున పుట్టువారికంటె చచ్చువారే యెక్కువ యనియు, ఆ లోటును పల్లెలే తీర్చుచున్నవనియు గ్రాంట్ కనుగొనెను. అతని గ్రంథము వెలువడిన మూడేండ్లకు, 1665లో, ప్లేగువలన మడిసినవారి సంఖ్య అధికార పట్టికల ప్రకారమే 68,596. 1650 మొదలు నూఱేండ్లపాటు ఏటేట సుమారు ఎనిమిదివేలమంది వలస వచ్చినగాని ఆ పెరుగుదల సాధ్యము కాదని చరిత్రకారుడు రిగ్లీ 1967లో అంచనా కట్టెను.

ఆ వచ్చినవారిలో ఎందఱు ‘సిటిజన్లు’ అయిరి? పదునారవ శతాబ్ది నడుమ నగరములోని వయోజన పురుషులలో ముప్పాతికవంతు ఆ హక్కు గలవారని స్టీవ్ రాపపోర్టు 1989లో లెక్కగట్టెను. ఈ లెక్క చూపి ‘పౌరుడు’ అను అనువాదమే చాలునని వాదింపవచ్చును. కాని ఇది పురుషుల లెక్క. పనికత్తెలుగా వచ్చిన పల్లెపడుచులు ఇందు లేరు. చేరిన అప్రెంటిసులలో సగమునకు పైగా గడువు పూర్తిచేయలేదనియు ఆ చరిత్రకారుడే చెప్పెను. పరదేశుల బిడ్డలను అప్రెంటిసులుగా చేర్చుకొనరాదని 1574లో నగరసభ కట్టడి చేసెను. పదునేడవ శతాబ్దిలో స్టెప్నీ, వైట్‌చాపెల్ వంటి వెలిపేటలు గోడల లోపలి నగరమును మించి పెరిగెను. అచ్చటి నావికులును, నేతగాండ్రును ఈ హక్కుతో పనిలేకయే బ్రతికి, ఈ హక్కు లేకయే చచ్చిరి. వీరందఱిని ‘పౌరులు’ అన్నచో గౌరవించినట్లు తోచును. నిజమునకు వారు పొందనిదానిని పొందినట్లు చెప్పి, వారి కొఱతను మఱుగుపఱచుటయే యగును.

సాహిత్యమునందును నష్టమింతే. 1613లో అచ్చయిన బోమంట్ నాటకము ‘నైట్ ఆఫ్ ది బర్నింగ్ పెజిల్’లో ప్రేక్షకులనుండి రంగమునకు ఎక్కివచ్చి, తన వృత్తిని పొగడు నాటకమే కావలెనని పట్టుపట్టు కిరాణావర్తకునకు పాత్రనామము ‘సిటిజన్’. పండ్రెండు సంఘములలో రెండవదానికి చెందినవాడతడు. ఆ దర్పము తెలిసినగాని హాస్యము పండదు. ‘పౌరుడు’ అన్నచో మిగులునది సందడిచేయు ప్రేక్షకు డొకడే.

అయితే షేక్‌స్పియరు ‘కోరియొలేనస్’లో ఆకలిమంటతో తిరుగబడిన రోమను జనమునకును ‘సిటిజన్లు’ అనియే పేరు గదా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే, ఆ మాటకు ఆనాడే విశాలార్థమును కలదు. అచ్చట ‘పౌరులు’ అనుట చక్కగా పొసగును. చెప్పవలసినది ఇంతియే: ఏ యర్థము ఎచ్చట ప్రసక్తమో సందర్భమును పట్టి తేల్చుట అనువాదకుని విధి, నిఘంటువు ఆ పని చేసిపెట్టదు.

లండనును గుఱించి వ్రాయునప్పుడు ‘ఫ్రీడమ్’కు ‘నగరస్వత్వము’ అనియు, ‘సిటిజన్’కు ‘స్వత్వపౌరుడు’ అనియు, ‘ఫారినర్’కు ‘స్వత్వహీనుడు’ అనియు వాడి, తక్కినవారిని ‘నగరవాసులు’ అనుట మేలు. ఇవి రుచింపనిచో ఆంగ్లపదమునే ఉంచి యొకమాఱు వివరించుట మంచిది. తెలుగువారి కిది క్రొత్త కాదు. 1600లో సనదు పొంది, 1611లో మచిలీపట్టణమునకు ఓడ పంపిన వర్తకుల సమాజము పేరును మనవారు తెనిగింపలేదు. ‘కుంఫిణీ’ అని నోటికి అనువుగ మలచుకొనిరి. ఆ వర్తకసమాజమునందును సభ్యత్వము తండ్రి హక్కున, సేవచేత, ధనముచేత లభించునదే. ‘సంఘము’ అని పిలిచియున్నచో అది పది సంఘములలో నొకటియై పోయెడిది. ‘కుంఫిణీ’ అనుటచేత అది యేమో, ఎవరిదో తెలుగు పల్లెలకుగూడ తెలిసినది. వెలి వస్తువునకు మన పేరు పెట్టుటకు ముందు దాని గుణమెఱుగవలెనను నియమమును పండితులకంటె ముందు సామాన్యులే పాటించిరి.