సహనం నమ్మకాలకే, నేరాలకు కాదు

వార్తాసంస్థల నుంచి వచ్చే మతకలహాల వార్తలను తెలుగు చేసేవారికి రెండు వాక్యాలు కంఠస్థమై ఉంటాయి. 'రెండు వర్గాల మధ్య ఘర్షణ జరిగింది' అన్నది మొదటిది. 'పరిస్థితి ఉద్రిక్తంగా ఉన్నప్పటికీ అదుపులోనే ఉంది' అన్నది రెండవది. వర్గాల పేర్లు రాయకపోవడం వెనుక సదుద్దేశమే ఉంది. ఒక ఊరిలో రగిలిన మంట వార్త ద్వారా మరో ఊరికి పాకకూడదన్న జాగ్రత్త అది. కల్లోల సమయంలో ఆ జాగ్రత్త అవసరం కూడా. అయితే మంటలు ఆరిపోయి, న్యాయవిచారణ పూర్తయి, నివేదిక వెలువడిన తరువాత కూడా అదే భాషను పట్టుకుని వేలాడితే, అది సహనం అనిపించుకోదు. చంపినవాడిని, చనిపోయినవాడిని ఒకే వాక్యంలో సమానం చేయడమే అవుతుంది.

సహనం అనే మాటకు మన ప్రజాజీవితంలో ఏర్పడిన ఈ అయోమయాన్ని అర్థం చేసుకోవడానికి జంషెడ్‌పూర్ చరిత్రను మించిన ఉదాహరణ లేదు.

ప్రణాళికతో వెలిసిన నగరం

ఉక్కు కర్మాగారానికి స్థలం కూడా ఖరారు కాకముందే, 1902లో, జంషెట్‌జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి రాసిన లేఖలో భావి నగరం ఎలా ఉండాలో వివరించారు. విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, పచ్చిక మైదానాలతో పాటు హిందువుల ఆలయాలకు, ముస్లింల మసీదులకు, క్రైస్తవుల చర్చీలకు స్థలాలు కేటాయించాలని అందులో సూచించారు. ఆయన 1904లో మరణించారు. 1912లో సాక్చీలో తొలి ఉక్కు తయారయింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. బీహారీలు, బెంగాలీలు, ఒరియావారు, పంజాబీలు, తమిళులు, ఆదివాసులతో పాటు మన తెలుగువారు కూడా ఆ కొలిమిని నమ్ముకుని అక్కడికి తరలివెళ్ళారు. బిష్టుపూర్‌లో తెలుగువారు నెలకొల్పుకున్న ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం నేటికీ ఆ వలసకు సాక్ష్యంగా నిలిచి ఉంది.

ఆ ఉక్కు కార్మికులకు నాయకత్వం వహించిన ప్రముఖులలో ఒకరు ప్రొఫెసర్ అబ్దుల్ బారీ. అన్ని మతాల కార్మికులు ఆయనను తమ నాయకునిగా అంగీకరించారు. 1947 మార్చి 28న పట్నా సమీపంలో ఆయన కాల్పులకు బలి అయినప్పుడు బీహారులోనే శాంతియాత్రలో ఉన్న గాంధీజీ ఆ కుటుంబాన్ని పరామర్శించారు. సాక్చీలోని బారీ మైదానం నేటికీ ఆయన పేరును నిలుపుతోంది. కర్మాగారంలో భుజం భుజం కలిపి పనిచేయడం, మతంతో నిమిత్తం లేకుండా నాయకుని ఎన్నుకోవడం ఆ ఊరికి కొత్త కాదన్నమాట.

అయినప్పటికీ 1964లో ఆ ఊరు భగ్గుమంది. 1963 డిసెంబరులో శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ మసీదు నుంచి ఒక పవిత్ర అవశేషం కనిపించకుండా పోయింది. కొద్ది రోజులలోనే అది దొరికింది. కాని ఈలోగా తూర్పు పాకిస్తాన్‌లోని ఖుల్నా తదితర చోట్ల హిందువులపై దాడులు జరిగాయి. అక్కడి నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన శరణార్థుల రైళ్ళు ఈ ప్రాంతం మీదుగా సాగాయి. వారి కన్నీటి గాథలు విన్నవారి ఆగ్రహం మార్చిలో జంషెడ్‌పూర్, రూర్కెలా పట్టణాలలోని ముస్లింలపై విరుచుకుపడింది. శరణార్థుల బాధ నిజం. కాని ఖుల్నాలో జరిగిన నేరానికి జంషెడ్‌పూర్‌లోని కార్మికుడు ఏ విధంగా బాధ్యుడు? నేరం చేసినవాడిదే గాని అతని మతానిది కాదన్న ప్రాథమిక సూత్రాన్ని ఆనాటి గుంపులు విస్మరించాయి.

ఒక రహదారి కోసం

పదిహేనేళ్ళ తరువాత, 1979లో, వివాదం ఒక రహదారి గురించి తలెత్తింది. శ్రీరామనవమి ఊరేగింపును ముస్లింలు నివసించే ప్రాంతం గుండా, 14వ నంబరు రోడ్డు మీదుగా తీసుకువెళ్ళాలని ఒక పక్షం పట్టుపట్టింది. గొడవలు జరుగుతాయన్న భయంతో అధికారులు అనుమతి నిరాకరించారు. చర్చోపచర్చల తరువాత రాజీ కుదిరింది. ఏప్రిల్ 11న ఊరేగింపు బయలుదేరింది. మసీదు వద్దకు వచ్చేసరికి ఆగిపోయింది. రాళ్ళు పడ్డాయి. ఆపై కొన్ని రోజుల పాటు నగరం తగలబడింది. అధికారిక లెక్కల ప్రకారం 108 మంది మరణించారు. వారిలో 79 మంది ముస్లింలు, 25 మంది హిందువులు. మిగిలినవారు ఎవరో గుర్తించలేకపోయారు. స్త్రీలను, పసిపిల్లలను సురక్షిత ప్రాంతానికి తరలిస్తున్న అంబులెన్సును సైతం గుంపు అడ్డగించి దహనం చేసింది.

జస్టిస్ జితేంద్ర నారాయణ్ విచారణ సంఘం 1981లో నివేదిక సమర్పించింది. స్థానిక శాసనసభ్యుడు దీనానాథ్ పాండే పాత్రను అది తప్పుపట్టింది. అల్లర్లకు అనువైన వాతావరణాన్ని కల్పించడంలో రాష్ట్రీయ స్వయంసేవక సంఘ్ ప్రమేయం ఉన్నదని నిర్ధారించింది. తనపై వచ్చే ఇటువంటి ఆరోపణలను ఆ సంస్థ తోసిపుచ్చుతూ వచ్చిన మాట కూడా ఇక్కడ చెప్పాలి. పాఠకులు ఏ పక్షాన ఉన్నా, ఒక న్యాయమూర్తి సాక్ష్యాలు విని చేసిన నిర్ధారణను 'రెండు వర్గాల ఘర్షణ' అన్న మూడు మాటల కింద కప్పిపెట్టడం సబబు కాదు.

ఊరేగింపు జరుపుకునేవారి వాదనను తేలికగా కొట్టిపారేయలేము. రహదారి ప్రజలందరిదీ. ఒక మతం వారు నివసిస్తున్నంత మాత్రాన ఒక వీధి మరొక మతం వారికి నిషిద్ధం కారాదు. చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 1924లో ప్రీవీ కౌన్సిల్ ముందుకు ఇటువంటి వివాదమే వచ్చింది. అక్కడ ఉభయపక్షాలూ ముస్లింలే కావడం గమనార్హం. షియాల మొహర్రం ఊరేగింపు మసీదు ముందు ఆగి శోకాలు పెట్టడం తమ ప్రార్థనలకు భంగకరమని సున్నీలు అభ్యంతరం తెలిపారు. బహిరంగ రహదారిలో మతపరమైన ఊరేగింపు జరుపుకునే హక్కు ఉన్నదని తీర్పు వెలువడింది. అయితే ఇతరుల రాకపోకలకు ఆటంకం కలిగించరాదని, మేజిస్ట్రేటు ఆదేశాలకు కట్టుబడాలని అదే తీర్పు షరతు విధించింది.

మన రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను, మతస్వేచ్ఛను ప్రసాదిస్తూనే, ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అని పేర్కొంది. ఇందులోని క్రమాన్ని గమనించాలి. ఎవరి నమ్మకం వారిది. కాని నైతికత అందరికీ ఉమ్మడి. నమ్మకం నైతికతకు లోబడి ఉండాలే తప్ప, నైతికత నమ్మకానికి లోబడదు.

భక్తి వేరు, పంతం వేరు

తెలుగువారికి శ్రీరామనవమి అంటే సీతారాముల కల్యాణం. వీధి వీధికీ చలువ పందిళ్ళు, పానకం, వడపప్పు. ఛోటానాగపూర్ ప్రాంతంలో అదే పండుగను అఖాడాల ఆధ్వర్యంలో మహావీరి జెండాలతో, కర్రసాములతో జరుపుకుంటారు. ఒకే దేవుడు, ఒకే తిథి, రెండు ఆచారాలు. వీటిలో ఏది గొప్పదన్న ప్రశ్న అనవసరం. కాని ఫలానా రోడ్డు గుండా వెళ్ళకపోతే భక్తికి లోటన్న భావన ఈ రెండు ఆచారాలలో దేనిలోనూ లేదు. ఆ రోడ్డును కోరింది విశ్వాసం కాదు, పొరుగువాడిని తలవంచేలా చేయాలన్న పంతం. అన్ని మతాల వారికీ ఈ మాట వర్తిస్తుంది. పొరుగువాడి పండుగ తమ వీధిలోకి అడుగుపెట్టడమే అవమానమని భావించేవారిది కూడా పంతమే.

భద్రాచలం కథ మనకు తెలిసినదే. గోల్కొండ పాలకుడు తానీషా హయాంలో గోపన్న చెరసాల పాలయ్యాడు. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని కూడా సంప్రదాయం ఆ తానీషాకే ఆపాదిస్తోంది. తెలుగు జనం ఆ చెరను మరచిపోలేదు, ముత్యాలనూ నిరాకరించలేదు. అన్యాయాన్ని అన్యాయంగానే చెప్పుకుంటూ, మంచిని మంచిగా స్వీకరించారు. ఉగాదినాడు దేవుని కడప ఆలయానికి ముస్లింలు వెళ్ళడం, పీర్ల పండుగలో హిందువులు పాల్గొనడం కూడా ఎవరి మతాన్ని వారు వదులుకుని చేస్తున్నవి కావు.

ఈ సందర్భంలోనే జకీ అన్వర్‌ను స్మరించుకోవాలి. జంషెడ్‌పూర్‌కు చెందిన ఈ ఉర్దూ కథకుడు, అధ్యాపకుడు 1979లో మతసామరస్యం కోసం నిరాహారదీక్ష చేశారు. ఆ అల్లర్లలోనే హత్యకు గురయ్యారు. ఆయన సహనం చేతకానితనం కాదు. తన మతాన్ని విడిచిపెట్టలేదు, ఇతరులను విడిచిపెట్టమనలేదు. కాని మనిషిని చంపడం తప్పన్న విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. ఆ ఒక్క సత్యం కోసం అన్నం మానివేశారు.

ఎవరి సత్యం వారిదని, అందువల్ల ఎవరినీ తప్పుపట్టరాదని వాదించేవారు మేధావులలో పెరుగుతున్నారు. వినడానికి ఇది ఉదారంగా ఉంటుంది. కాని అంబులెన్సుకు నిప్పు పెట్టినవాడు కూడా తన సత్యాన్నే తాను పాటించానంటే వీరి వద్ద సమాధానం లేదు. మరోవైపు, సత్యం తమ గుప్పిట్లోనే ఉన్నదని, ఇతరులను సహించడమే పాపమని భావించేవారు ఉన్నారు. ఈ ఇరువురూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. దేవుడు ఎవరు, ఎలా కొలవాలి అన్న నమ్మకాన్నీ, పొరుగువాడి ప్రాణం తీయరాదన్న ధర్మాన్నీ ఒకే గాటన కడుతున్నారు. మొదటి దానిలో భిన్నాభిప్రాయాన్ని సహించాలి. రెండవ దానిలో సహించవలసినది ఏమీ లేదు.

ఇది గతించిన కథ కాదు. 2000లో జార్ఖండ్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పాలకులు మారారు. అయినా 2023 ఏప్రిల్‌లో, శ్రీరామనవమి జెండాకు అపచారం జరిగిందన్న ఆరోపణపై జంషెడ్‌పూర్‌లోని కదమా శాస్త్రినగర్‌లో రాళ్ళు రువ్వుకున్నారు, దుకాణాలకు నిప్పు పెట్టారు. అధికారులు 144వ సెక్షన్ విధించి, ఇంటర్నెట్ నిలిపివేశారు. ఇటువంటి రోజులలో పెద్ద కర్మాగారం కొలిమి ఆరదు. ఆరేది రోజుకూలీ పొయ్యి, తోపుడుబండి వ్యాపారి పొయ్యి. వారిలో రెండు మతాలవారూ ఉంటారు.

కాబట్టి చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ఊరేగింపు మార్గాలను పండుగ ముంగిట కాక, నెలల ముందే అందరి సమక్షంలో నిర్ణయించాలి. ఒకసారి నిర్ణయించిన తరువాత ఏ నాయకుని ఒత్తిడికీ లొంగి మార్చరాదు. శాంతి సంఘాలలో ఊకదంపుడు ఉపన్యాసకులకు బదులు ఆ వీధిలో నివసించేవారికి చోటు ఇవ్వాలి. విచారణ సంఘాల నివేదికలు బీరువాలకు పరిమితం కాకుండా, అవి బాధ్యులుగా తేల్చినవారిపై చర్య జరగాలి. 1979లో మరణించిన 108 మందిలో పేరు కూడా తెలియకుండా పోయినవారు ఉన్నారు. వారిని చంపినవారి పేర్లు కూడా తెలియకుండా పోవడాన్ని మనం సహనమని పిలుచుకోవలసిన పనిలేదు.